ఓ2 డెస్క్‌టాప్ హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్: తొలి అభిప్రాయాలు, కొన్ని సందేహాలు

గంటస్తంభం (విజయనగరం)

సభ్యులందరికీ నమస్కారం. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 హెడ్‌ఫోన్లను ఇంతకాలం ఫోనుకు తగిలించే చిన్న డాంగిల్‌తోనే విన్నాను. విశాఖపట్నంలో ఒక పరిచయస్థుడు తన ఓ2 యాంప్లిఫయర్‌ను అమ్ముతానంటే ఈ మధ్యనే కొని తెచ్చుకున్నాను. దీని గురించి తెలియనివారి కోసం ఒక్క మాట. ఎన్‌డబ్ల్యూఏవీగై అన్న మారుపేరుతో రాసిన ఒక ఇంజనీరు 2011లో ఈ సర్క్యూట్‌ను కొలతలతో సహా బహిరంగంగా ప్రచురించాడు. 2012 తర్వాత ఆయన మళ్లీ ఏమీ రాయలేదు, అసలు పేరేమిటో ఇప్పటికీ బయటపడలేదు. ఆ నమూనాను చూసి ఎవరో చేత్తో సోల్డరింగ్ చేసిన బోర్డు నాకు వచ్చింది. అతుకులు శుభ్రంగానే ఉన్నాయి.

పెట్టె అరచేతి వెడల్పున, నల్లగా, బరువు లేకుండా ఉంది. కరెంటు సాకెట్టు, పాటను లోపలికి పంపే సాకెట్టు, హెడ్‌ఫోన్ సాకెట్టు, వాల్యూమ్ నాబ్ అన్నీ ముందువైపే ఉండటం వల్ల బల్ల మీద తీగలు చిక్కుపడి కనిపిస్తాయి. ఈ ఏర్పాటు నాకు నచ్చలేదు కాని, దానితో శబ్దానికి సంబంధం లేదు.

మొదట ద్వారం వెంకటస్వామినాయుడు గారి వాయులీనం విన్నాను. ఆయన ప్రిన్సిపాలుగా పనిచేసిన సంగీత కళాశాల ఉన్న ఊళ్లో ఉంటూ మరొకరితో మొదలుపెట్టడానికి మనసొప్పలేదు. పాత 78 ఆర్‌పీఎం రికార్డుల నుంచి తీసిన ఆ ధ్వనిలో గరగర ఉన్నప్పటికీ, కమాను తిరిగేచోట తీగ మీద పడే ఒత్తిడి డాంగిల్‌తో విన్నప్పటికంటె స్పష్టంగా తెలిసింది. అయితే, కొత్త సినిమా పాటలు పెట్టేసరికి గొంతు ఎత్తుకున్న ప్రతిచోటా అంచు చిరిగినట్టు బరకగా వినిపిస్తోంది. రాత్రి పొద్దుపోయాక తక్కువ శబ్దంతో వింటే గాయకుడు మధ్యలో కాక కాస్త ఎడమకు జరిగి పాడుతున్నట్టుంది. లాప్‌టాప్ చార్జింగులో ఉన్నంతసేపూ వెనుక సన్నని గుంయ్‌మనే మోత కూడా ఉంది. లాప్‌టాప్ నుంచి యూఎస్‌బీ డాక్ (డిజిటల్ పాటను విద్యుత్ సిగ్నల్‌గా మార్చే పరికరం), డాక్ నుంచి ఓ2, ఇదీ నా అమరిక. ఈ మూడు లక్షణాలకూ కారణం యాంప్లిఫయరేనా అన్నది పెద్దలు తేల్చాలి.

నాగావళి_తీరం (శ్రీకాకుళం)

శుభాకాంక్షలండీ. కొత్త యాంప్ ఏదైనా వంద గంటలు నడిచేదాకా గరుకుగానే ఉంటుందని నేను చాలాచోట్ల చదివాను. పగలంతా పాట పెట్టి వదిలేసి చూడండి. అప్పటికీ గరుకు పోకపోతే లోపలున్న ఆప్‌ఆంప్ చిప్పులు (సిగ్నల్‌ను పెంచే చిన్న ఐసీలు) తీసి మంచివి వేయించవచ్చు. సాకెట్లలో కూర్చునే చిప్పులే కాబట్టి, పెద్ద పనేమీ కాదు.

రేడియో_మాస్టారు (చీపురుపల్లి)

నాగావళి గారూ, మీరు సదుద్దేశంతోనే చెప్పారు గాని, ఆ రెండు సలహాలనూ కాసేపు పక్కన పెడదాం. ఎవరో వాడిన యాంప్ గనుక వంద గంటలు ఎప్పుడో దాటి ఉంటుంది. చిప్పుల మార్పు దీని విషయంలో మేలు కంటె కీడే ఎక్కువ చేస్తుంది. హెడ్‌ఫోన్‌ను నడిపే చివరి దశలో ఎన్‌జేఎం4556 అనే చిప్పును ఆ డిజైనర్ ఏరి పెట్టాడు. ఒక్కో చిప్పులో రెండేసి ఆప్‌ఆంప్‌లుంటాయి. ఆ రెండింటినీ ఒకే చానల్‌కు సమాంతరంగా కలిపి, ఒక్కొక్కదానికి 1 ఓం రెసిస్టర్ ఇచ్చాడు. యాంప్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ (బయటికి పోయే కరెంటుకు యాంప్ తనవైపు నుంచి పెట్టే అడ్డు) సుమారు అర ఓం ఉండటానికీ, కరెంటు దండిగా అందడానికీ ఆ ఏర్పాటే కారణం. పేరున్న ఖరీదైన ఆప్‌ఆంప్‌లలో చాలావాటికి అంత కరెంటు ఇచ్చే సత్తువ లేదు. పైగా, కొన్ని ఆ స్థానంలో కుదురుగా పనిచేయక తమంతట తామే డోలనం మొదలుపెట్టి వేడెక్కుతాయి.

గంటస్తంభం గారు ఇచ్చిన వివరాలలో నన్ను ఆకర్షించింది ఏమిటంటే, పాత రికార్డులు శుభ్రంగా ఉండి, కొత్త పాటలు మాత్రమే బరకగా ఉండటం. రెండు ప్రశ్నలకు జవాబు చెప్పండి. వాల్యూమ్ బాగా తగ్గించినా ఆ బరక అలాగే ఉంటోందా? ముందువైపున్న గెయిన్ బటన్ (సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పెంచాలో ఎంచేది) లోపలికి నొక్కి ఉందా, బయటికి ఉందా?

గంటస్తంభం (విజయనగరం)

మాస్టారూ, వాల్యూమ్ ఎంత తగ్గించినా బరక తగ్గడం లేదు, దానితోపాటు చిన్నదవుతోందంతే. గెయిన్ బటన్ లోపలికి నొక్కే ఉంది. నాకు అమ్మిన ఆయన, హెచ్‌డీ 600 వంటి 300 ఓంల హెడ్‌ఫోన్లకు ఎక్కువ గెయిన్ తప్పనిసరి అని చెప్పి అలా పెట్టి ఇచ్చారు.

రేడియో_మాస్టారు (చీపురుపల్లి)

అయితే సగం జవాబు దొరికినట్టే. చాలా యాంప్లిఫయర్లలో వాల్యూమ్ నాబ్ మొదట ఉండి, దాని తర్వాత సిగ్నల్‌ను పెంచే దశ ఉంటుంది. ఓ2లో వరుస తిరగబడి ఉంటుంది: ముందు పెంచి, ఆ పైన నాబ్ దగ్గర తగ్గించి, ఆఖరున హెడ్‌ఫోన్‌కు పంపుతుంది. నాబ్ తెచ్చిపెట్టే రొదను తగ్గించడానికి డిజైనర్ కావాలనే అలా చేశాడు. అందువల్ల, మొదటి దశలోకి వచ్చే సిగ్నల్ మరీ పెద్దదైతే అది అక్కడే తెగిపోతుంది. పై తొట్టి పొర్లిపోతున్నప్పుడు కింద కొళాయి ఎంత బిగించినా ప్రయోజనం ఉండదు కదా.

లెక్క చూడండి. మీ డాక్ పూర్తి స్థాయిలో 2 వోల్టులు ఇస్తుంది, బల్ల మీద పెట్టే డాక్‌లు చాలావరకు అంతే ఇస్తాయి. ఈ యాంప్‌కు సాధారణంగా ఇచ్చే గెయిన్‌లు రెండు: 2.5 రెట్లు, 6.5 రెట్లు. బటన్ నొక్కి ఉంటే 2 వోల్టులు 13 కావాలి. లోపలి సప్లయి ప్లస్ 12, మైనస్ 12 కాబట్టి, వికృతి లేకుండా దీని నుంచి వచ్చేది సుమారు 7 వోల్టులే. అంటే ఎక్కువ గెయిన్‌లో దాదాపు 1.1 వోల్టుకు మించిన ఏ సిగ్నలయినా తల తెగి బయటికి వస్తుంది. ఈనాటి సినిమా పాటలను డిజిటల్ గరిష్ఠానికి ఆనించి మాస్టరింగ్ చేస్తారు కాబట్టి, ప్రతి ఎత్తుగడలోనూ ఆ గీత దాటుతాయి. మీరు విన్న పాత రికార్డు ఆ స్థాయికి ఎక్కడా చేరి ఉండదు, అందుకే ద్వారం వారు క్షేమంగా బయటపడ్డారు.

ఇక, 300 ఓంలు గనుక ఎక్కువ గెయిన్ కావాలన్న మాట సంగతి. హెచ్‌డీ 600కు 1 వోల్టు ఇస్తే 97 డెసిబెల్‌ల శబ్దం వస్తుందని తయారీదారు ప్రకటించిన లెక్క. తక్కువ గెయిన్‌లో మీ డాక్‌తో అందే గరిష్ఠం 5 వోల్టులు, అది 1 వోల్టు కంటె 14 డెసిబెల్‌లు ఎక్కువ, వెరసి 111. క్షణకాలపు శిఖరాలకు అది చాలినంత కంటె ఎక్కువే. ఎక్కువసేపు వినేవారికి సగటు 80 డెసిబెల్‌ల లెక్కన వారానికి 40 గంటలకు మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్న పరిమితిని కూడా గుర్తుపెట్టుకోండి. బటన్‌ను బయటికి వదిలేయండి.

ఎడమకు జరగడం కూడా దీనితోనే సర్దుకుంటుంది. వాల్యూమ్ నాబ్ వెనుక ఉన్నది ఒకే ఇరుసు మీద రెండు చానళ్లకూ రెండు పట్టీలున్న పొటెన్షియోమీటర్. నాబ్‌ను మొదట్లో కొద్దిగా తిప్పినప్పుడు ఆ రెండు పట్టీలూ ఒకదానితో ఒకటి సరిపోవు. ఇది ఈ యాంప్‌కే ప్రత్యేకమైన జబ్బు కాదు, ఈ తరహా నాబ్‌లన్నిటికీ పుట్టుకతో వచ్చే గుణం. రెండు గెయిన్‌ల మధ్య తేడా ఎనిమిది డెసిబెల్‌ల పైచిలుకు కనుక, తక్కువ గెయిన్‌లో అదే శబ్దం కోసం నాబ్‌ను ఇంకొంత ముందుకు తిప్పవలసి వస్తుంది, అక్కడ రెండు పట్టీలూ సమంగానే ఉంటాయి.

బొబ్బిలి_తంత్రి (బొబ్బిలి)

మాస్టారి విశ్లేషణకు నేను కలపగలిగింది సాంకేతికం కాదు, వినికిడికి సంబంధించినది. యాంప్ బాగుందో లేదో తేల్చుకోవడానికి, మీరు దగ్గర కూర్చుని విన్న వాద్యాన్ని ఎంచుకోవడం మేలు. మా ఊరి వీణను ఒకే పనస మొద్దు నుంచి, ఎక్కడా అతుకు లేకుండా తొలుస్తారు. దాని ముందు కూర్చున్నవారికి మీటు పడిన చప్పుడు, ఆ వెంటనే కుండ నుంచి వచ్చే గుమ్మనే నాదం, మెట్టు మీద వేలు జారి గమకం పలికేటప్పుడు తీగ చేసే సన్నని రాపిడి, ఈ మూడూ వేరువేరుగా తెలుస్తాయి. నా దగ్గర సొంతంగా తీసిన వీణ రికార్డింగు ఉంది. దాన్ని మంచి హెడ్‌ఫోన్‌తో వింటే మీటుకూ కుండ నాదానికీ మధ్య ఉన్న ఆ వెంట్రుకవాసి ఎడం తెలియాలి. పక్కనున్న మూడు తాళం తీగల ఝంకారం మీటు ఆగాక కూడా కాసేపు నిలవాలి. సినిమా పాటలో అసలు ధ్వని ఎలా ఉండేదో మనకెవరికీ తెలియదు, స్టూడియోలో ఏం చేశారో అదే అసలు. కాబట్టి, దానితో యాంప్‌ను తూచడం నాకెప్పుడూ సబబుగా తోచలేదు.

సముద్రపుగాలి (కళింగపట్నం)

తంత్రి గారి మాట నిజమే కాని, ఈ చర్చంతా గెయిన్ లెక్కలలో పడి అసలు ప్రశ్నను వదిలేస్తోందేమోననిపిస్తోంది. డాంగిల్ కంటె ఓ2 మంచిదా, కాదా? నేను ఒక మిత్రుడి ఇంట్లో రెండూ మార్చి మార్చి విన్నాను. ఓ2తో రంగస్థలం (వాద్యాలు మన ముందు పరుచుకున్నట్టు తోచే జాగా) వెడల్పయింది, జముకుల కథ రికార్డింగులో జముకు తీగ లాగిన ప్రతిసారీ ఆ గుబగుబ గుండెకు తగిలింది. డాంగిల్‌లో అదంతా చదునుగా ఉంది. చెవికి తెలిసినదాన్ని లెక్కలు కాదనలేవు.

రేడియో_మాస్టారు (చీపురుపల్లి)

చెవికి తెలిసినదాన్ని నేను కాదనను. అయితే, ఏది ఎంత గట్టిగా మోగుతుండగా విన్నారన్నదే ప్రశ్న. రెండింటిలో ఒకటి అర డెసిబెల్ ఎక్కువ మోగినా, అది గట్టిగా ఉందని మనకు తెలియదు, బాగుందని మాత్రమే తెలుస్తుంది. వెడల్పు, లోతు, గుండెకు తగలడం అని మనం చెప్పేవాటిలో అధికభాగం అలా పుట్టినవే. పోలిక పెట్టేముందు రెండింటినీ 0.1 డెసిబెల్ లోపు సమం చేయాలి, అంటే వోల్టేజీలో తేడా ఒక శాతానికి అటూ ఇటూ ఉండాలి.

చేసే పద్ధతి చెబుతాను. 100 హెర్ట్‌జ్ టోన్ ఒకటి పెట్టి, హెడ్‌ఫోన్ తగిలించి ఉండగానే, దాని జాక్ దగ్గర మల్టీమీటరుతో ఏసీ వోల్టేజీ చూడాలి. ఎలక్ట్రికల్ దుకాణాలలో దొరికే పసుపురంగు చవక మీటరు దీనికి పనికిరాదు. దాని మీద ఏసీకి 200, 750 అన్న రెండే గుర్తులుంటాయి. 200 మీద పెడితే అది చూపగల అతి చిన్న తేడా 0.1 వోల్టు, మనకు కావలసినదేమో అందులో పదో వంతుకంటె చిన్నది. ఏసీలో 2 వోల్టుల రేంజి ఉన్న మీటరు సంపాదించండి. టోన్ ఎక్కువ పౌనఃపున్యంలో పెట్టకండి, మామూలు మీటర్లు కరెంటు లైను 50 హెర్ట్‌జ్ పరిసరాలలోనే నమ్మకంగా కొలుస్తాయి.

ఇంకొక మాట. వాల్వు యాంప్‌లతో హెచ్‌డీ 600 వెచ్చగా మోగుతుందని కొందరు చెబుతారు, అది భ్రమ కాదు. ఈ హెడ్‌ఫోన్ పేరుకు 300 ఓంలే అయినా, 100 హెర్ట్‌జ్ దగ్గర దాని ఇంపెడెన్స్ 500 ఓంలు దాటిపోతుంది. అటువంటి యాంప్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ 120 ఓంలున్నదనుకుంటే, ఆ ప్రాంతంలో బేస్ ఒక డెసిబెల్‌కు పైగా పెరిగి వస్తుంది. ఓ2కు అర ఓం మాత్రమే కాబట్టి అటువంటి రంగు పూయదు. సరైన డాంగిల్ కూడా పూయదు. అందువల్ల, ఈ రెండింటి మధ్య తేడా స్వరంలో కాక సత్తువలో వెతకాలి.

సముద్రపుగాలి (కళింగపట్నం)

సమం చేసి విన్నాక మాట్లాడతాను, అంతవరకు నా అభిప్రాయం నాదే.

గంటస్తంభం (విజయనగరం)

గెయిన్ బటన్ వదిలేయగానే కొత్త పాటల బరక పూర్తిగా పోయింది. నాబ్ ఇప్పుడు దాదాపు సగం దాకా తిరుగుతోంది, గాయకుడు మధ్యకు వచ్చాడు. మాస్టారు చెప్పిన మీటరు ఇక్కడి పాలిటెక్నిక్‌లో పనిచేసే బంధువొకరు ఇస్తే, డాంగిల్‌నూ ఓ2నూ సమం చేసి మళ్లీ విన్నాను. నిజం చెప్పాలంటే, కొత్త పాటలతో నేను రెండింటినీ వేరు చేయలేకపోయాను. తేడా బయటపడింది ద్వారం వారి దగ్గరే. ఆ రికార్డింగు స్థాయి చాలా తక్కువ, డాంగిల్‌ను చివరిదాకా పెంచినా నాకు చాలినంత వినిపించదు. ఓ2లో అదే వాయులీనం తగినంత ఎత్తున, ఏ ఇబ్బందీ లేకుండా మోగింది. నేను మొదటిరోజు కమాను ఒత్తిడి అని రాసింది ఇదేనని ఇప్పుడనిపిస్తోంది.

ఇక మిగిలింది మోత. చార్జర్ తీస్తే పోతోంది, పెడితే వస్తోంది. లాప్‌టాప్ మూత మీద వేళ్ల వెనుకవైపు ఆనిస్తే సన్నగా జివ్వుమంటోంది కూడా.

రేడియో_మాస్టారు (చీపురుపల్లి)

ఆ జివ్వుమనడమే రోగం పేరు చెప్పేస్తోంది. మూడు పిన్నుల చార్జరును మీరు గుచ్చిన ప్లగ్‌లో మూడో రంధ్రం ఉత్తుత్తిదే అయి ఉంటుంది. చార్జరు లోపలుండే చిన్న కెపాసిటర్ల గుండా కొద్దిపాటి కరెంటు ఎర్త్‌కు పోవాలి. అక్కడ దారి లేకపోతే అది లాప్‌టాప్ ఒంటి మీదికి, అక్కడి నుంచి యూఎస్‌బీ తీగ వెంట డాక్‌కు, ఆ పైన మీ చెవికి వస్తుంది. ఓ2ది తప్పు కాదు. దాని అడాప్టరుకు ఎర్త్ కనెక్షనే లేదు కాబట్టి అది ఈ వ్యవహారంలో ప్రేక్షకురాలు. నమ్మకం కుదరకపోతే, ఓ2ను బ్యాటరీల మీద, ఫోనుతో నడిపి చూడండి, నిశ్శబ్దంగా ఉంటుంది.

ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి బోర్డు విప్పించండి. ఒక హెచ్చరిక: కొందరు పని తొందరగా తెమల్చడానికి సాకెట్టులోనే న్యూట్రల్ నుంచి ఎర్త్‌కు చిన్న తీగ ముక్క వేసి, ఇదిగో ఎర్త్ వచ్చేసిందంటారు. ఎప్పుడైనా న్యూట్రల్ తెగిందంటే 230 వోల్టులూ పరికరాల ఒంటి మీదికి వస్తాయి. అది ఒప్పుకోవద్దు. అసలు ఎర్త్ తీగ కావాలి, దాని చివర బొగ్గు, ఉప్పు వేసి పాతిన పైపు ఉండాలి, ఎండాకాలంలో ఆ గోతిలో అప్పుడప్పుడూ నీళ్లు పోయాలి.

నాగావళి_తీరం (శ్రీకాకుళం)

మా ఇంట్లో కరెంటు పోయి ఇన్వర్టర్ మీదకు మారగానే నా స్పీకర్ల యాంప్ ట్రాన్స్‌ఫార్మరే మోగుతుంది. ఇదీ అదేనా, మాస్టారూ?

రేడియో_మాస్టారు (చీపురుపల్లి)

కాదు. మీ ఇన్వర్టర్ సైన్ తరంగం కాక చతురస్రపు తరంగం ఇస్తోంది, దానికి ట్రాన్స్‌ఫార్మర్ రేకులు అదిరి మోగుతాయి. సైన్ వేవ్ ఇన్వర్టర్‌తో అది ఉండదు.

గంటస్తంభం (విజయనగరం)

బోర్డు విప్పించాను. ఆకుపచ్చ తీగ గోడలోంచి వచ్చే ఉంది గాని, ఎవరో దాని కొసను కత్తిరించి, మడిచి, సాకెట్టు వెనక్కి తోసేశారు. రాగి తీగ నల్లబడిపోయింది. కొస గీకించి బిగించాక, పెరట్లోని గొయ్యి కూడా తవ్వించి నీళ్లు పోయించాను. మోత లేదు, లాప్‌టాప్ జివ్వుమనడం లేదు. ఇప్పుడు నాబ్ పూర్తిగా తిప్పినా పాట ఆగిన చోట నాకు వినిపించేది పంకా చప్పుడు మాత్రమే. వెనుక తెరిచి ఉన్న హెడ్‌ఫోన్ కాబట్టి అదెలాగూ లోపలికి వస్తుంది.

తంత్రి గారూ, మీ వీణ రికార్డింగు పంపగలిగితే అది కూడా విని రాస్తాను.

బొబ్బిలి_తంత్రి (బొబ్బిలి)

తప్పకుండా పంపుతాను. మైకు కుండకు మరీ దగ్గరగా పెట్టడం వల్ల అనుమంద్రం తీగ కాస్త పెద్దగా పలుకుతుంది. దాన్ని యాంప్ ఖాతాలో వేయకండి.

సముద్రపుగాలి (కళింగపట్నం)

మాటకు కట్టుబడి సమం చేసి విన్నాను. రంగస్థలం విషయంలో మాస్టారితో ఇప్పుడు గట్టిగా వాదించలేను, కాని జముకు దెబ్బ ఓ2తోనే బాగుందని ఇప్పటికీ అంటాను. ఆ రికార్డింగు కూడా తక్కువ స్థాయిలోనే తీసింది కాబట్టి, గంటస్తంభం గారి అనుభవమే నాకూ వర్తిస్తుందేమో.

అయినా నేనూ ఒకటి చేయించుకుందామనుకుంటున్నాను. రెండు సంగతులు అడగాలి. మా దగ్గర ఉప్పుగాలికి జాక్‌లు తొందరగా చిలుము పడతాయి, దానికి ఏమిటి మార్గం? మా వీధి దుకాణంలో 9 వోల్టుల బ్యాటరీలు దొరుకుతాయి, అవి రెండు వేస్తే చాలుతుందా?

రేడియో_మాస్టారు (చీపురుపల్లి)

చిలుముకు కాంటాక్ట్ క్లీనర్ ఒక్కటే మార్గం. వాడనప్పుడు జాక్‌ను సాకెట్టులోనే ఉంచితే లోపలికి గాలి తక్కువ పోతుంది. హెచ్‌డీ 600 తీగ కొసన 6.35 మిల్లీమీటర్ల లావుపాటి జాక్ ఉంటే, దానికి చిన్న అడాప్టరు తగిలించి వాడేవారున్నారు. ఓ2లో ఉన్నది 3.5 సాకెట్టే కాబట్టి, దాని మీద ఆ బరువు వేలాడకుండా చూసుకోండి.

దుకాణంలోని బ్యాటరీలు వద్దు. అడాప్టరు తగిలించి ఉన్నంతసేపూ ఓ2 తన బ్యాటరీలను సన్నగా చార్జ్ చేస్తూనే ఉంటుంది. తిరిగి చార్జ్ కాని బ్యాటరీలకు ఆ కరెంటు ఎక్కితే అవి కారిపోతాయి, పగలవచ్చు కూడా. నికెల్ మెటల్ హైడ్రైడ్ రకమే వేయాలి, లేదా బ్యాటరీలు అసలు వేయకుండానే అడాప్టరు మీద నడపవచ్చు. బ్యాటరీల మీద వోల్టేజీ పరిమితి తగ్గుతుంది గనుక, 2 వోల్టుల డాక్‌తో తక్కువ గెయిన్‌లో కూడా కొత్త పాటల శిఖరాలు తెగే అవకాశముంది. అప్పుడు డాక్ వాల్యూమ్‌ను కంప్యూటరులోనే కొద్దిగా తగ్గించుకోండి.

అడాప్టరు దగ్గరే చాలామంది తడబడతారు. దీనికి కావలసింది డీసీ ఇచ్చేది కాదు, ఏసీ ఇచ్చేది. లేబుల్ మీద అవుట్‌పుట్ పక్కన అలలాంటి గీత ఉందో లేదో చూసి కొనండి. డీసీది తగిలిస్తే ప్లస్, మైనస్ సప్లయిలలో ఒకదానికే కరెంటు అంది యాంప్ పనిచేయదు. బజారులో దొరకకపోతే శ్రీకాకుళంలో వైండింగ్ చేసేవారి చేత 15 వోల్టుల చిన్న ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించుకోండి. మీ లైనులో రాత్రి పూట వోల్టేజీ ఎగబాకుతుందంటే, ఆ సమయంలో లోడు లేకుండా కొలిచి, 20 దాటడం లేదని చూసుకున్నాకే యాంప్‌కు తగిలించండి.